మాట పెగలడం లేదన్న మేనకోడలికి

కావలి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. మధ్యాహ్నం ఫోన్లో నీ గొంతు విన్నాక ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడావు. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదు.

మళ్ళీ ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమిటా అనుకుంటావు. ఫోన్లో అయితే ఊఁ ఊఁ అని విని పెట్టేస్తావు. కాగితమైతే దిండు కింద ఉంటుంది, కావలసినప్పుడు తీసి చదువుకోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. రోజూ పొద్దున పదింటికి మీటింగ్. అందరూ తలా రెండు ముక్కలు చెబుతారు. నీ వంతు దగ్గర పడేకొద్దీ చేతులు చల్లబడతాయి, గొంతు ఎండిపోతుంది. మొన్న గురువారం ఇన్వాయిస్‌ల లెక్క గురించి మేనేజర్ నిన్నే అడిగాడు. ఆ లెక్కంతా సరిచూసింది నువ్వే. అయినా నోట మాట రాలేదు. పక్కనున్న అమ్మాయి చెప్పింది. పని నీది, పేరు ఆమెది. "ఇంగ్లీషు మీడియం వాళ్ళ మధ్య నేను ఉండలేను అత్తా, వచ్చేస్తాను" అన్నావు.

వస్తానంటే రావద్దని నేను అనను. ఇది నీ పుట్టిల్లు, తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. కానీ వచ్చే ముందు మూడు నెలలు నేను చెప్పినట్టు చేసి చూడు. నా 38 ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో నేర్చుకున్నదే చెబుతున్నాను, ఎక్కడో విన్నది కాదు.

1985లో నేను క్లర్కుగా చేరేటప్పటికి నాకు 21 ఏళ్ళు. అప్పటిదాకా పరాయి మగవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి ఎరగను. మొదటి వారంలోనే టోకెన్ల సీట్లో కూర్చోబెట్టారు. డబ్బు తీసుకోవడానికి వచ్చినవాళ్ళ దగ్గర ఫారం తీసుకుని, ఇత్తడి టోకెన్ ఇచ్చి, లెడ్జర్‌లో రాసి లోపలికి పంపాలి. డబ్బు సిద్ధమయ్యాక నంబరు పిలవాలి. నంబరు పిలవడం ఒక పనా అనిపిస్తుంది నీకు. నేను "పదిహేడు" అంటే ఎదురుగా నిలబడినవాళ్ళకే వినపడేది కాదు. ఒకరోజు పదిహేడో నంబరు పెద్దాయన బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. ఆయన రాలేదని నేను అలాగే కూర్చున్నాను. వెనక పదిమంది ఆగిపోయారు. అరుపులు మొదలయ్యాయి. లోపలినుంచి ఒక ఆఫీసర్ వచ్చి అందరి ముందూ, "నోరు లేనిదానివి కౌంటర్‌లో ఎందుకు కూర్చున్నావమ్మా" అన్నాడు.

ఆ రాత్రి అచ్చం నీలాగే ఏడ్చాను. మానేస్తానన్నాను. మీ నాయనమ్మ ఏమీ అనలేదు. తెల్లవారి నీళ్ళు తోడటానికి పెరట్లోకి వెళ్తే, నన్ను బావి దగ్గర నిలబెట్టి, తను వెళ్ళి చివర గోడ పక్కన నిలబడింది. "ఇప్పుడు నీ నంబర్లు పిలువు. ఇక్కడికి వినపడిందో లేదో నేను చెబుతా" అంది. ఒకటి నుంచి యాభై దాకా పిలిపించింది. వినపడని నంబరు దగ్గర చెయ్యి ఎత్తేది, మళ్ళీ పిలిచేదాన్ని. పది రోజులు అలా చేశాం. అక్షరం రాని మనిషి ఆవిడ. ఆవిడ చేయించిన పనిని మించిన శిక్షణ నాకు ఆ తర్వాత ఎక్కడా దొరకలేదు.

ఆ పది రోజుల్లో నాకు ధైర్యం రాలేదు, బుజ్జీ. గొంతు వచ్చింది, అంతే. పదకొండో రోజు కూడా భయపడుతూనే కౌంటర్‌లో కూర్చున్నాను, కానీ నంబరు మాత్రం హాలు చివరిదాకా వినపడింది. ధైర్యం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఏ రోజు వచ్చిందంటే చెప్పలేను. నువ్వేమో ధైర్యం వచ్చాక మాట్లాడదామని మూడు నెలలుగా కూర్చున్నావు. ధైర్యం అలా రాదు. చేసిన పని వెనకాలే నిదానంగా నడిచి వస్తుంది.

ఇది నా ఒక్కదాని సంగతే అయితే నీకు ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. మన జిల్లా ఆడవాళ్ళలో చూశాను. అప్పటికి నువ్వు పుట్టలేదు. 1990, 91 ప్రాంతాల్లో నెల్లూరు జిల్లాలో ఊరూరా అక్షరాస్యత కోసం రాత్రి బడులు పెట్టారు. పగలంతా కూలి చేసి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, రాత్రి లాంతరు దగ్గర పలక పట్టుకునేవాళ్ళు. అక్షరం దిద్దడం, దిద్దినదాన్ని పదిమందిలో పైకి చదవడం. వాచకంలో సారా గురించి పాఠం వచ్చింది. అది చదివి తమ ఇళ్ళ సంగతి మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు ఆ ఊరి ఆడవాళ్ళు సారా కొట్టుకి ఎదురు తిరిగారు. 1992 కల్లా ఆ తిరుగుబాటు జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అధికారుల ముందు, కంట్రాక్టర్ల ముందు నిలబడి మాట్లాడిన ఆ గొంతులు అంతకు ముందు భర్త ఎదుట కూడా పైకి లేచినవి కావు. రాత్రి బడిలో నలుగురి మధ్య పైకి చదవడం దగ్గర ఆ గొంతు మొదలైందని నేను నమ్ముతాను.

ఆ ఊపులోనే పొదుపు సంఘాలు వచ్చాయి. సారా మీద పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకోవడం. అప్పుడు నేను మెట్ట ప్రాంతంలో ఒక బ్రాంచిలో ఉన్నాను. ఒక సంఘంలో ఒకావిడ ఉండేది. బ్యాంకుకి వస్తే స్తంభం చాటున నిలబడేది. ఏమి అడిగినా "మా లీడరు చెబుతాది" అనేది. ఊళ్ళో ఆమెని ఫలానావాడి పెళ్ళాం అనో, ఫలానావాడి తల్లి అనో పిలిచేవాళ్ళు తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. సంఘం మీటింగులో మాత్రం ప్రతి మనిషీ తన పేరు తనే చెప్పి, ఎంత కడుతోందో తనే చెప్పాలి. చెప్పాక పుస్తకంలో రాస్తారు. అది నియమం. మొదట్లో ఆమె తన పేరు చెప్పడానికే చీర కొంగు నోట్లో కుక్కుకునేదని మిగతావాళ్ళు చెప్పారు. ఏడాది తిరిగేసరికి లీడరు వంతు ఆమెకి వచ్చింది. ఒకరోజు నేరుగా మా మేనేజర్ గదిలోకి వెళ్ళి, "సార్, మా సంఘం డబ్బుకి మీరిచ్చే వడ్డీ ఎంత, మాకిచ్చే అప్పు మీద మీరు తీసుకునే వడ్డీ ఎంత, ఆ తేడా ఎందుకు" అని అడిగింది. నేను చేస్తున్న పని ఆపి విన్నాను. ఆమెకి ఎవరూ ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రతిసారీ తన పేరు, తన రూపాయి పైకి చెప్పించారు, అంతే.

నీకు చెప్పేది కూడా ఆ రూపాయి గురించే. రోజుకొకటి. ఎక్కువ వద్దు.

పొద్దున లేచాక పది నిమిషాలు ఏదో ఒకటి పైకి చదువు. పేపరైనా సరే, ఆఫీసు మెయిల్ అయినా సరే. మనసులో చదవడం వేరు, పైకి చదవడం వేరు. మనసులో చదివినప్పుడు నాలుకకీ ఊపిరికీ పని లేదు. రోజంతా కంప్యూటర్ ముందు మౌనంగా కూర్చుని, రాత్రి ఫోన్ చూస్తూ పడుకుంటే, నీ గొంతు నీకే కొత్తగా వినిపిస్తుంది. వాక్యం చివరి మాట మింగెయ్యకుండా చదువు. మనలో చాలామంది మొదలు గట్టిగా పెట్టి చివరికి గొణుగుతాం. క్రియ చివర ఉండే భాష మనది, చివర మింగితే చేశావో చేయలేదో కూడా ఎదుటివాళ్ళకి తెలీదు. మొదటి వారం తెలుగు చదువు, తర్వాత ఇంగ్లీషు కలుపు. హాస్టల్లో గదిలో నలుగురుంటారు, సిగ్గు అంటావు. మేడ మీదకి వెళ్ళు. నేను ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉందన్నానే, అది ఇదే. ఇది అందిన మర్నాడు పొద్దున మొదటి పాఠంగా ఈ ఉత్తరాన్నే పైకి చదువు.

మీటింగ్ సంగతి. ముందు రోజు రాత్రే ఒక్క వాక్యం రాసిపెట్టుకో. నీ పని గురించి, నువ్వు కళ్ళతో చూసిన లెక్క గురించి. "నలభై ఇన్వాయిస్‌లు చూశాను. మూడింటిలో తేడా ఉంది. రేపు వివరాలు పంపుతాను." ఇంగ్లీషులో చెప్పాలంటే, "ఐ చెక్డ్ ఫార్టీ ఇన్వాయిసెస్. త్రీ హావ్ ఎర్రర్స్. ఐ విల్ సెండ్ ది డీటెయిల్స్ టుమారో." ఇందులో కష్టమైన మాట ఒక్కటైనా ఉందా? ఎంత చేశావు, ఏం తేలింది, మిగతాది ఎప్పటికి చేస్తావు. మీ మేనేజర్‌కి కావలసింది ఇంతే. పెద్ద వాక్యం మొదలుపెట్టి మధ్యలో దారి తప్పడం కంటే మూడు చిన్న వాక్యాలు మేలు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒకసారి ఊపిరి తీసుకో. ఆ ఖాళీ నీకు యుగంలా అనిపిస్తుంది, వినేవాళ్ళకి అది కనపడను కూడా కనపడదు.

ఇంకోటి, మొదటి ఇద్దరు ముగ్గురిలోనే చెప్పెయ్యి. చివరిదాకా ఆగితే టెన్షన్ పెరుగుతూ పోతుంది, పైగా ముందు మాట్లాడినవాళ్ళతో నిన్ను నువ్వు పోల్చుకుంటూ కూర్చుంటావు. నీ వంతు వచ్చే ముందు ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదులు. నాలుగైదుసార్లు చాలు. గుండె దడ కొంచెం తగ్గుతుంది. పూర్తిగా తగ్గదు. దడతోనే మాట్లాడొచ్చు.

రాత్రి పడుకునే ముందు ఒక చిన్న నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాయి. ఈ రోజు భయపడుతూనే చేసిన పని ఏమిటి? ఆటోవాడితో మీటరు గురించి మాట్లాడటం అయినా సరే, మెసేజ్ పెట్టే బదులు ఫోన్ చేయడం అయినా సరే. రెండోది, ఈ రోజు చెప్పాల్సి ఉండీ చెప్పలేకపోయిన మాట. దాన్ని మాత్రం పూర్తి వాక్యంగా రాయి. "గురువారం మాట్లాడలేకపోయాను" అని రాస్తే అది బాధ. "సార్, ఆ లెక్క నేనే చూశాను, తేడా మార్చి నెల బిల్లులో ఉంది" అని రాస్తే అది సరుకు. మళ్ళీ అలాంటి సందర్భం తప్పకుండా వస్తుంది, ఆఫీసుల్లో అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి అవే. అప్పటికి నీ దగ్గర వాక్యం సిద్ధంగా ఉంటుంది. నేను క్యాష్ చూసిన రోజుల్లో సాయంత్రం టాలీ అయ్యాక ఇలా రాసుకునేదాన్ని. ఒక పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. మొదటి పేజీల్లో అన్నీ చెప్పలేకపోయిన మాటలే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది కొంచెం నెమ్మదిగా చదువు.

నువ్వు మాట్లాడలేకపోవడానికి ఇంగ్లీషు ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. మీటింగ్‌లో కూర్చున్నప్పుడు నీ మనసంతా నీ మీదే ఉంటోంది. నా గొంతు ఎలా ఉంది, నా చున్నీ సరిగా ఉందా, నా ఉచ్చారణకి నవ్వుతారా, ఇదే. నేనూ అంతే ఉండేదాన్ని. అది పోయింది కౌంటర్‌లోనే. ఒక పెద్దాయన పంట రుణం గురించి వచ్చి ఏదో అడిగాడు. నేను రూల్స్ అన్నీ గబగబా అప్పజెప్పాను, తప్పు లేకుండా చెప్పానా అన్నదే నా ధ్యాస. ఆయన తలూపి, మెల్లగా బయటికి వెళ్ళి, మెట్ల మీద కూర్చున్నాడు. గంట తర్వాత కూడా అక్కడే ఉన్నాడు. వెళ్ళి అడిగితే, ఆయనకి కావలసింది రూల్స్ కాదు. కాగితాల మీద పెట్టాల్సిన సంతకం పెద్దకొడుకుది, వాడు గల్ఫ్‌లో ఉన్నాడు, ఇప్పుడేం చేయాలి అన్నది ఆయన ప్రశ్న. నేను సరిగా వినలేదు. వినకుండానే జవాబు చెప్పాను.

ఆ రోజు నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. ఎవరేది అడిగినా, జవాబు చెప్పే ముందు, "అంటే మీరు అడిగేది ఇదేనా" అని వాళ్ళ మాట వాళ్ళకి ఒకసారి తిరిగి చెప్పడం. దీనివల్ల వాళ్ళ ప్రశ్న నాకు సరిగా అర్థమయ్యేది, నన్ను విన్నారన్న నెమ్మది వాళ్ళకి కలిగేది, ఆలోచించుకోవడానికి నాకు నాలుగు క్షణాలు దొరికేవి. వీటన్నిటికంటే ముఖ్యం, నా ధ్యాస నా మీదనుంచి ఎదుటిమనిషి మీదకి మళ్ళేది. ఎదుటిమనిషికి ఏం కావాలో వెతుక్కుంటున్నప్పుడు నీ గొంతు ఎలా ఉందో నీకు గుర్తుండదు. రేపు ఎవరైనా నిన్ను ఏదైనా అడిగితే ఇలా చేసి చూడు. ఇంగ్లీషులో అయితే "సో యు వాంట్ ది మార్చి ఫిగర్స్, కరెక్ట్?" అంటే చాలు.

మీటింగ్‌లో చెప్పడానికి ఏమీ లేని రోజు ఒక ప్రశ్న అడుగు. నిజంగా తెలుసుకోవాలనుకున్నదే అడుగు, మెప్పు కోసం అడగకు. ప్రశ్న అడిగినా నలుగురిలో నీ గొంతు వినిపించినట్టే. ఆ రోజు రూపాయి పడినట్టే.

తెలియనిది అడిగినప్పుడు బిగుసుకుపోవద్దు. "నాకు ఇప్పుడు తెలియదు, కనుక్కుని సాయంత్రం నాలుగింటికి చెబుతాను" అను. నాలుగింటికి చెప్పు. ఐదింటికి కాదు. కనుక్కోలేకపోతే, ఇంకా దొరకలేదని నాలుగింటికే చెప్పు. తెలియదన్నందుకు నిన్ను చిన్నచూపు చూసేవాళ్ళు తక్కువ. చెబుతానని చెప్పనివాళ్ళని మాత్రం ఎవరూ నమ్మరు. నా అనుభవంలో, చక్కగా మాట్లాడేవాళ్ళకంటే మాట నిలబెట్టుకునేవాళ్ళ మాటకే బ్యాంకులో విలువ ఎక్కువ ఉండేది.

2016 నవంబరు గుర్తుందా? ఎనిమిదో తేదీ రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. తొమ్మిదిన బ్యాంకులు మూసి, పదిన తెరిచాం. అప్పటికి నేను బ్రాంచి మేనేజర్ని. పొద్దున ఏడింటికే వీధి చివరిదాకా జనం. ఒక మనిషికి 4,000 దాకా పాత నోట్లు మార్చి ఇవ్వాలి. మా దగ్గరున్న కొత్త డబ్బు ఆ జనానికి ఏ మూలకీ చాలదు. మధ్యాహ్నానికి అయిపోయింది. బయట ఎండలో గంటలు గంటలు నిలబడ్డ మనుషులు. వాళ్ళలో ఆస్పత్రి ఖర్చుకి వచ్చినవాళ్ళున్నారు, పెళ్ళి పెట్టుకున్నవాళ్ళున్నారు. లోపల కూర్చుని గార్డుతో చెప్పించొచ్చు. కానీ అది నేను చెప్పాల్సిన మాట. బయటికి వెళ్ళి కుర్చీ ఎక్కి నిలబడ్డాను. కాళ్ళు వణుకుతున్నాయి, 31 ఏళ్ళ సర్వీసు తర్వాత కూడా. మూడే చెప్పాను. డబ్బు అయిపోయింది. మళ్ళీ అడిగాం, ఎప్పుడు వస్తుందో నాకు ఇంకా చెప్పలేదు. మూడింటికి నేను మళ్ళీ ఇక్కడే నిలబడి, వచ్చిందో రాలేదో చెబుతాను, అందాకా నీడన కూర్చోండి. మూడింటికి డబ్బు రాలేదు. అయినా బయటికి వెళ్ళి రాలేదనే చెప్పాను. కోప్పడ్డారు, కానీ ఎవరూ తలుపు మీద పడలేదు. మర్నాడు వరసలో నిలబడ్డ ఒక ముసలమ్మ, "నువ్వు చెప్తానన్న టైముకి వచ్చి చెప్పినావు గదమ్మా" అంది. నా ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పుల్లో నేను దాచుకున్నది అదొక్కటే.

భాష సంగతి కూడా చెప్పాలి. నీ ఇంగ్లీషు చూసి సిగ్గుపడకు, నీ నెల్లూరు యాస చూసి అసలే సిగ్గుపడకు. హైదరాబాద్ వెళ్ళాక ఫోన్లో నాతో కూడా యాస మార్చి మాట్లాడుతున్నావు, గమనించాను. నాకు బాధ కలిగింది. నువ్వు పదో తరగతి దాకా తెలుగులో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని బీకాం పాసయ్యావు. ఆ పక్కసీటు అమ్మాయి ఒక భాషలో చేసిన పని నువ్వు రెండు భాషల్లో చేశావు. ఆమె గడగడా మాట్లాడుతుందంటే చిన్నప్పటినుంచీ ఆ భాషలో ఆడుకుంది కాబట్టి. ఆమె మీద కోపం పెట్టుకోకు. ఆ రోజు నీ బదులు ఆమె చెప్పింది నిన్ను తొక్కాలనో, నిన్ను కాపాడాలనో మనకి తెలీదు. ఒకసారి ఆమెతో టీ తాగు. "నేను మీటింగ్‌లో తడబడితే కొంచెం ఆగు, నన్నే పూర్తి చెయ్యనివ్వు" అని మెల్లగా చెప్పు. చాలామంది ఇలా అడిగితే సరేనంటారు. రోజూ పదిహేను నిమిషాలు నాతో ఇంగ్లీషులో మాట్లాడతావా అని కూడా అడుగు. తప్పులు దిద్దమని అడగకు, మాట్లాడనిమ్మని అడుగు. మాటమాటకీ దిద్దితే ఉన్న మాట కూడా పోతుంది.

ఇక మోటివేషన్. రాత్రి పదకొండు దాకా ఆ వీడియోలు చూస్తానన్నావు. చూస్తున్నంతసేపూ ఒళ్ళు పులకరిస్తుంది, పొద్దున లేవగానే మళ్ళీ మామూలే అన్నావు. అది నిలవదు మరి. ఉత్సాహం రోజూ ఒకేలా ఉండదు, నాకూ ఉండేది కాదు. అందుకే పనిని ఉత్సాహానికి కట్టకూడదు, వేళకి కట్టాలి. ఆ సంఘం ఆడవాళ్ళు మీటింగ్ రోజు ఉత్సాహం ఉందా లేదా అని చూసుకునేవాళ్ళు కాదు. ఆ రోజు వచ్చిందంటే చాప మీద కూర్చునేవాళ్ళు. నువ్వు కూడా పళ్ళు తోముకోగానే మేడ మీదకి వెళ్ళు. వెళ్ళాలా వద్దా అన్న చర్చే పెట్టుకోకు. ఫోన్ రాత్రి పదింటికి దూరంగా చార్జింగ్‌కి పెట్టేసి పడుకో. నిద్ర చాలకపోతే ఎంత పెద్ద మాటకారికైనా పొద్దున నోరు తిరగదు.

ఏదో ఒకరోజు తప్పిపోతావు. జ్వరం వస్తుంది, విసుగొస్తుంది, ఏదో ఒకటి. సంఘంలో ఎవరైనా ఒక వారం కట్టకపోతే చిన్న జరిమానా వేసి మళ్ళీ కూర్చోబెట్టుకునేవాళ్ళు. పుస్తకంలోంచి పేరు కొట్టేసేవాళ్ళు కాదు. నీ విషయంలో నువ్వు కూడా అంతే ఉండు. మర్నాడు రెండింతలు చేసేస్తానని పెట్టుకోవద్దు, ఆ రోజు రూపాయి ఆ రోజు వెయ్యి చాలు.

చిన్న చిన్నవి ఇంకొన్ని. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేల మీద ఆనించు. మాట్లాడేటప్పుడు ఒక మనిషి మొహం చూసి మాట్లాడు, అందరినీ చూడాలని కళ్ళు తిప్పకు. సాయంత్రం అరగంట నడువు. హాస్టల్లో అప్పు అడిగేవాళ్ళకి "నా దగ్గర కుదరదు" అని చెప్పి ఆగిపో, కారణాల చిట్టా విప్పకు. ప్రతి మాటకీ ముందు సారీ అనడం మానెయ్యి. తప్పు చేసినప్పుడు మాత్రం ఒక్కసారి స్పష్టంగా చెప్పు.

ఒక విషయం మాత్రం నాకు దాచకుండా చెప్పాలి. ఈ భయం మీటింగ్ దాకానే ఉందా, లేక రోజంతా వెంటాడుతోందా? రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఊపిరి అందనట్టు అనిపించడం, బతుకు మీద విసుగు, ఇవి వారాల తరబడి ఉంటే అత్త ఉత్తరం చాలదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మనసుకి వచ్చినా ఒంటికి వచ్చినా జబ్బు జబ్బే. 14416 కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు పలుకుతారు. ప్రభుత్వం నడిపేది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. చేయడానికి వెనకాడితే నాకు చెప్పు, రాత్రి బస్సు ఎక్కి వచ్చేస్తాను, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం.

మీ నాన్నకి ఈ సంగతులేవీ చెప్పలేదు. నువ్వు చెప్పమంటే చెబుతాను. వాడు మనసులో పెట్టుకుని కుమిలిపోయే రకం, అందుకే నిన్ను అడుగుతున్నాను. కొరియర్‌లో ఆవకాయ, నువ్వుల పొడి పంపుతున్నాను. టీ తాగేటప్పుడు ఆ పక్కసీటు అమ్మాయికి కూడా కొంచెం పెట్టు.

బుధవారం కల్లా ఈ ఉత్తరం అందుతుంది. గురువారం మీటింగ్‌కి రాసుకున్న వాక్యం బుధవారం రాత్రి నాకు ఫోన్ చేసి వినిపించు. నేను వంటింట్లో ఉంటాను, ఫోన్ హాల్లో స్పీకర్‌లో పెడతాను. అక్కడికి వినపడిందో లేదో చెబుతాను.

ఇట్లు,
మీ అత్త